దించడానికి చోటు

కాలేజీలో భూగోళం చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. నగరాలు ఎలా పెరుగుతాయనే పాఠం ప్రతి ఏడూ ఉండేది. నడిబొడ్డు చుట్టూ వలయాలు వలయాలుగా విస్తరిస్తాయని ఒక సిద్ధాంతం, రోడ్ల వెంబడి చీలికలుగా సాగుతాయని ఇంకొకటి, విడివిడిగా పుట్టిన ఊళ్లు పెరిగి పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒక్కటైపోతాయని మరొకటి. బోర్డు మీద రాజమండ్రిని చుక్కగా పెట్టి గీసేవాణ్ణి. పిల్లలు పరీక్షలో రాసేవారు, నేను దిద్దేవాణ్ణి. అంతకుమించి ఆ పాఠం ఎవరికీ పట్టేది కాదు.

మా అన్నయ్యకి మాత్రం పట్టింది. రాజమండ్రికి పక్కనే మా ఊరు, ఆయన వ్యవసాయం అక్కడే. సాయంత్రం నేను ఇంటికి రాగానే అరుగు మీంచి పలకరించేవాడు.

"ఏరా మేష్టారూ, మనమింకా ఊళ్లోనే ఉన్నామా, టౌన్లోకి వచ్చేశామా?"

"మధ్యలో ఉన్నాం అన్నయ్యా."

"అయితే ఎటూ కాకుండా పోయామన్నమాట" అని నవ్వేవాడు.

పోయిన వేసవిలో గుండెపోటు వచ్చి పోయాడు.

మా వైపు శవాన్ని తీసుకెళ్తూ ఊరి చివర, ధాన్యం నూర్చే కళ్ళంలో ఒకసారి కిందికి దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి పిలుస్తారు, ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతుందేమోనని. పలకరని తెలిసీ పిలుస్తారు. మా ఇళ్లలో ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్లిపోతారు. ఇప్పుడు ఆ ట్రాఫిక్‌లో పాడె మోయడం అయ్యే పని కాదని వ్యాన్ మాట్లాడాం. అన్నయ్య పక్కన కూర్చుంటూ వదిన ఒకటే అడిగింది: "పిలవకుండా మాత్రం తీసుకెళ్లిపోకండి మరిదిగారూ."

మా కళ్ళం ఉన్న చోట ఇప్పుడు మోటార్‌సైకిళ్ల షోరూమ్ ఉంది.

"ఎక్కడ ఆపమంటారండీ?" అన్నాడు డ్రైవర్.

"ఊరి చివర."

"ఊరి చివరంటే ఎక్కడండీ?"

అందరూ నా మొహం చూశారు. ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నాకూ తెలియలేదు. నా మీదా, ఆ పాఠం మీదా చెప్పలేనంత విసుగొచ్చింది. షోరూమ్ ముందే ఆపమన్నాను. అక్కడి వాచ్‌మన్ వరసలో ఉన్న బళ్లు పక్కకి జరిపి చోటిచ్చాడు. అన్నయ్యని దించాం. నేను వంగి "అన్నయ్యా" అని పిలిచాను. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. నా పిలుపు నాకే వినపడలేదు.

వదిన కాసేపు అన్నయ్య మొహంకేసి చూసింది. "ఇక్కడ ఆయనకి వినపడదండీ. ఇంకాస్త ముందుకెళ్దాం. చేలు వచ్చాక పిలుద్దురుగాని" అంది.

వెనక్కి మళ్లాల్సిన మనిషి. అయినా ఎవరూ కాదనలేకపోయాం. మళ్లీ ఎక్కించాం. కాలువ గట్టు వెంబడి వ్యాన్ మెల్లగా కదిలింది. అపార్ట్‌మెంట్లు, ఒక ఫంక్షన్ హాలు, ప్లాట్లకి పాతిన రాళ్లు, మళ్లీ అపార్ట్‌మెంట్లు. "ఇక్కడ ఆపనాండీ?" అని డ్రైవర్ అడగడం, వదిన కిటికీలోంచి చూసి తల అడ్డంగా ఊపడం. ఎక్కడా చేను రాలేదు. అలా వెళ్లి వెళ్లి, మా ఇంటి ఆడవాళ్లెవరూ ఎన్నడూ చూడని శ్మశానం గేటు దగ్గర వదిన దిగింది.