మా అత్త నోట రాని కోట

మొన్న మా వాడలో చర్చికి కొత్తగా సున్నం వేయించారు. గోడ మీద బొమ్మ వేయడానికి దేవరకొండ నుంచి వచ్చిన పెయింటరు ఒక కోట గీశాడు. బురుజులు, పైన జెండా, కింద దేవుడే మా కోట అని ఎర్రటి అక్షరాలు. బొమ్మ బాగానే ఉంది. అందరూ మెచ్చుకున్నారు, నా మనవరాలు దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగింది. నేను మాత్రం ప్రార్థన అయ్యేదాకా కూర్చోలేకపోయాను. మోకాళ్ల నొప్పులని చెప్పి బయటికొచ్చి చెప్పుల దగ్గర అటూ ఇటూ తిరిగాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి అంతసేపు తిరుగుతుందా అని ఎవరూ అడగలేదు. ముసలివాళ్లను ఎవరూ ఏమీ అడగరు, అదొక సుఖం.

మా అత్త బైబిలమ్మ. అంటే మిషను వాళ్లు చెప్పిన వాక్యాలు బట్టీ పట్టి, వాడవాడకూ తిరిగి చదువురాని ఆడవాళ్లకు పాట కట్టి నేర్పే మనిషి. ఆమెకూ చదువు రాదు. జొన్నచేలో కలుపు తీసేవాళ్ల పక్కన తనూ వంగి కలుపు తీస్తూనే నేర్పేది. పని ఆపిస్తే దేవుడి మీద విసుగొస్తుందని ఆమె లెక్క. ఆమెకు ప్రాణమైన కీర్తన ఒకటుండేది. దేవుడే నా బండ, నా కేడెం, నా రక్షణ కొమ్ము, నా కోట అని అందులో వరుసగా వస్తుంది. బండ అంటే చుట్టూ మా గుట్టలే, చిక్కు లేదు. కేడెం అంటే డాలు, తోలుతో చేస్తారంటే తోలు పని చేసే మా వాళ్లు నవ్వి, అయితే అది మనం కుట్టిందే అయ్యుంటుందన్నారు. దేవునికి కొమ్ములుంటాయా అని ఒకామె అడిగితే, పొట్టేలుకు కొమ్ములుంటేనే కదా కుక్క జంకేది అని అత్త తేల్చేసింది. కోట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి గొంతూ లేచేది కాదు. దేవరకొండ గుట్ట మీద పాతకోట ఉంది గానీ అది మేకలు మేసే జాగా. మేమెరిగిన కోట దొర గడీ. వెట్టికి పోయేది అక్కడికే, దెబ్బలు తినేదీ అక్కడే. మా మామను ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి ఎత్తింది ఆ వాకిట్లోనే. ఆ విరిగిన నడుముతోనే ఆయన మంచం పట్టి పోయాడు.

అందుకని అత్త కోటను తీసేసి మంచెను పెట్టింది. చేలో మంచె ఎక్కితే పాముకూ అందం, అడవిపందికీ అందం. దేవుడే నా మంచె. పాట కూడా చక్కగా కుదిరింది. ఈ సంగతి తెలిసి మా ఉపదేశి, అంటే గుడిలో వాక్యం చెప్పే ఆయన, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మందలించాడు. వాక్యాన్ని మార్చడానికి నువ్వెవరమ్మా అన్నాడు. అత్త ఆయనకు మంచినీళ్లిచ్చి, "గడీల దొర ఉంటడు అయ్యగారూ. దేవుణ్ని గూడ ఆడనే పెడితె మేమేడికి పోవాలె?" అన్నది. ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

నేను కాపురానికొచ్చిన కొత్తలోనే రోజులు చెడ్డాయి. మా ఆయన దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి, నిజాం రజాకార్లు వస్తారని రాళ్లు రువ్వే వడిసెల పట్టుకొని ఊరికి కాపలా తిరిగేవాడు. దొర పట్నం పారిపోయాడు. గుట్టల్లో దాగిన సంఘం వాళ్లకు మా వాడ ఆడవాళ్లం వంతులేసుకొని రొట్టెలు పంపేవాళ్లం. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్ల పీడ విరగడైంది. హమ్మయ్య అనుకునేలోపే మిలిటరీ లారీల వెనక దొర కూడా తిరిగొచ్చాడు. గడీయే మిలిటరీ క్యాంపు అయింది. ఈసారి వెతుకులాట సంఘం వాళ్ల కోసం. చేలో ఉన్న మా ఆయనను ఉన్నపళంగా పట్టుకుపోయి గడీలో వేశారు. గుట్టల్లో వాళ్లకు తిండి పెట్టిన వాళ్ల పేర్లు ఆయన చెబితే వదిలేస్తారట అని దొర మనిషి వచ్చి మాకే చెప్పిపోయాడు. ఆ పేర్లు మావే. నేను కడుపుతో ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. చెప్పేసి వస్తే బాగుండునని ఒక గడియ, చెప్పొద్దు దేవుడా అని ఒక గడియ. పొయ్యి మీద అంబలి మాడిపోయినా వాసన తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త పోయి గడీ దర్వాజ ముందు నిలబడింది. మేమంతా వెనకే పోయాం. కాపలా సిపాయికి మన భాష రాదు, దేవుడి పాట అని తెలిసి ఊరుకున్నాడు. అత్త ఎత్తుకుంది. బండ అన్నది, కేడెం అన్నది, కొమ్ము అన్నది. మంచె రావలసిన చోట ఆగి, తలెత్తి ఆ గోడను కింది నుంచి పైదాకా చూసి, దేవుడే నా కోట అన్నది. మేం వెంటనే అందుకోలేకపోయాం. తర్వాత అందరం ఒక్క గొంతయ్యాం. దొర దగ్గరున్న మాటను దొర వాకిట్లోనే గుంజుకున్నామని నా ఒళ్లు పులకరించింది. ఎండ నెత్తికెక్కేదాకా అదే పాట. మేం ముందు దర్వాజ దగ్గర పాడుతుండగానే మా ఆయనను వెనక దర్వాజ నుంచి లారీలో జైలుకు తరలించారు. గడీలో జీతానికున్న మనిషి సాయంత్రం వచ్చి చెబితే గానీ మాకు తెలియలేదు.

కానీ పేర్లు బయటికి రాలేదు. మా జోలికి ఎవరూ రాలేదు. ఆయన జైలు నుంచి వచ్చేసరికి నా బిడ్డకు మాటలొచ్చాయి, తండ్రిని చూసి ఎవరో అనుకొని ఏడ్చింది. అత్త సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తను కోట అన్న గడియలోనే దేవుడు తన కొడుకు నోటికి కావలి పెట్టాడని వాడవాడకూ పోయి సాక్ష్యం చెప్పింది. ఆనాటి నుంచి పాటలో మంచె పోయి కోట నిలిచింది. ఆయన వింటూ ఊరుకునేవాడు. అత్తను మట్టి చేసి వచ్చిన రోజు, అరుగు మీద కూర్చొని నాకొక్కదానికే చెప్పాడు.

"పేర్లు చెప్దామనే అనుకున్న. దెబ్బలకు ఆగలేకపోయిన. గప్పుడే అమ్మ పాట వినవడ్డది. మంచె అంటదనుకుంటే కోట అన్నది. అయ్యను మింగిన గడీ పేరని గా మాట ఎన్నడు అనకపోయేది. అమ్మ నోట గా మాట వచ్చిందంటె, నన్ను చంపుతున్నరని ఆమెకు ఎరికైంది గావచ్చు అనుకున్న. ఎట్లైనా చచ్చేటోన్ని, మిమ్ముల పట్టిచ్చి ఏం జేస్త?"

ఆ ముక్క అమ్మకెందుకు చెప్పలేదని అడిగాను. "ఆమె కోట ఆమెకుండనియ్" అన్నాడు.

అప్పటి నుంచి ఆ కీర్తన చదివితే నాకు కాలు నిలవదు. గట్టిగా నమ్మిన మనిషి పాడింది. ఆశ వదులుకున్న మనిషి విన్నాడు. మధ్యలో మేమంతా బతికిపోయాం. దాన్ని రక్షణ అనాలా, పొరపాటు అనాలా అని ఎన్నిసార్లు ఆలోచించానో. కాలం గడిస్తే అదే తెలుస్తుందనుకున్నాను. కాలమైతే గడిచింది.