డాక్టరమ్మ నోరు విప్పిన ఆదివారం

మిల్టన్ నుంచి టొరంటో వెళ్లే పొద్దుటి రైల్లో నా పక్క సీటు పెద్దావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి చేతులకు శానిటైజర్ రాసుకుంది. వెంటనే ఒక లవంగం బుగ్గన పెట్టుకుంది. స్పిరిట్టూ లవంగమూ కలిసిన ఆ వాసన తగిలేసరికి, మిసిసాగాలో దిగాల్సిన నేను దిగడం మర్చిపోయాను. దాటింది ఒక్క స్టేషనే. ఆఫీసులో మాత్రం మాంట్రియల్ దాకా వెళ్లొచ్చానని చెప్పాను. నా సంగతి తెలిసినవాళ్లు కాబట్టి దాన్ని ఒక స్టేషన్ కిందే జమకట్టుకున్నారు.

ఆ వాసన డాక్టర్ సుగుణరత్నం గారిది. కోస్తా నుంచి వచ్చి, ఒంటారియోలోని లండన్‌లో పిల్లల్నీ పెద్దల్నీ చూసి చూసి రిటైరైన మనిషి. నేను ఆవిడ బేస్‌మెంట్‌లో దిగిన రోజుల్లో మనవాళ్లు స్టడీ పర్మిట్లు పట్టుకుని విమానాల కొద్దీ వచ్చి పడుతున్నారు. నలభై దగ్గరపడ్డాక నాకూ చదువు మీద మనసు పుట్టి, జుట్టుకి రంగేసుకుని ఆ గుంపులో కలిశాను. పక్క మంచం కుర్రాడు మొదటి రోజే, "అంకుల్, మీ అబ్బాయిని దింపడానికొచ్చారా?" అని అడిగాడు. ఆ బేస్‌మెంట్‌లో ఒకడు పక్కకి ఒత్తిగిలితే మిగతా అందరం ఒత్తిగిలాల్సిందే.

డాక్టరమ్మ గారితో నా మొదటి మాటలు కడుపునొప్పితో మొదలయ్యాయి. మెట్లెక్కి వెళ్లి, "కడుపులో అగ్నిపర్వతం బద్దలైందండీ, లావా గొంతుదాకా వచ్చింది," అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "అగ్నిపర్వతానికి నా దగ్గర మందు లేదబ్బాయ్. నొప్పి ఎక్కడ? ఎప్పట్నుంచి? ఏం తిన్నావు?" అన్నారు. బొడ్డు పైన, నిన్నట్నుంచి, పోయిన వారం బిర్యానీ అని ఒప్పుకోవాల్సి వచ్చింది. "చూశావా, ఎంత చిన్నదో! చిన్నదైతేనే కదా వైద్యం చేయగలిగేది," అని మజ్జిగ ఇచ్చారు. నా జీవితంలో నా మాటని ఎవరైనా కత్తిరించి చూపించడం అదే మొదలు.

ఒకరోజు టీవీలో వార్తలు చూస్తూ నన్ను పైకి పిలిచారు. పార్లమెంటులో మంత్రి కాని ఎంపీ ఎవరో సొంతంగా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారట. సంగతేమిటంటే, మనకి కింది వాటాలో ఉన్న అమెరికా పేద దేశాల ఆసుపత్రులకు డబ్బిస్తూ ఒక షరతు పెట్టేది. ఆ డబ్బు తీసుకున్న క్లినిక్ సొంత ఖర్చుతోనైనా సరే గర్భస్రావం చేయకూడదు, అది ఎక్కడ చేస్తారో చెప్పనూ కూడదు. అక్కడ ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ షరతు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కెనడా సాయానికి మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా అలాంటి షరతు తగిలించకుండా చట్టమే చేయాలని, ఆ షరతు దెబ్బతిన్న క్లినిక్‌లను ఆదుకోవాలని ఈ బిల్లు. మా ఏరియా ఎంపీ గోడ మీద పిల్లి. ఎటు దూకుతాడో ఆయనకే తెలీదు.

"ఆయన చేత దీనికి ఓటు వేయించాలి," అన్నారు డాక్టరమ్మ గారు.

"మీకెందుకండీ ఈ గొడవ? చర్చిలో తెలిస్తే పాస్టరు అయ్యగారు ఊరుకుంటారా?"

ఆవిడ లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చారు. "కొత్తగా డాక్టరైన రోజుల్లో మన వైపే ఒక ధర్మాసుపత్రిలో చేశాను. విదేశీ సాయంతో నడిచేది. ఒకావిడ వచ్చింది. గుండె కవాటం పాడైన మనిషి, మూడో నెల. కాన్పు తట్టుకోలేదని చెయ్యి పట్టుకోగానే తెలిసింది. మన చట్టం ఒప్పుకుంటుంది, పెద్దాసుపత్రిలో చేస్తారు. ప్రాణాపాయమైతే ఆ షరతులోనూ మినహాయింపు ఉందట. కానీ భయపడ్డవాడు మినహాయింపులు చదవడు కదా! మా మేనేజరు, ఆ మాటే మన కాంపౌండులో వినపడకూడదు, సాయం ఆగిపోతుంది అన్నాడు. నేను ఐరన్ మాత్రలిచ్చి పంపించాను."

"తర్వాత?"

"ఏడో నెలలో పోయింది."

ఆవిడ టీవీ కట్టేశారు. "గర్భస్రావం తప్పో ఒప్పో నేనూ దేవుడూ తేల్చుకుంటాం. నా పేషెంటుకి నేనేం చెప్పాలో డబ్బిచ్చేవాడు తేల్చకూడదు," అన్నారు.

ఎంపీ గారు వచ్చే ఆదివారం మా తెలుగు చర్చికి భోజనానికి వస్తున్నారు. ఈ దేశంలో సమోసా తినకుండా పార్లమెంటుకి వెళ్లిన మనిషి ఇంకా పుట్టలేదు. మా దగ్గర సమోసాతోపాటు బిర్యానీ కూడా ఉండేది. ఆరాధనలో ఎవరి అనుభవం వాళ్లు సాక్ష్యంగా చెప్పే వేళ తాను లేచి చెబుతాననీ, పక్కన కూర్చుని నేను ఎంపీ గారికి ఇంగ్లీషులో చెప్పాలనీ ఆవిడ ప్లాను. నేను ఉత్సాహంగా ప్రసంగం రాసిచ్చాను. అందులో లక్షలాది తల్లుల కన్నీళ్లు సెయింట్ లారెన్స్ నదిలా పారాయి. ఆవిడ చదివి పెన్సిల్ తీశారు.

"లక్షలాది మందిని నేను చూళ్లేదు నాయనా. ఒకావిడని చూశాను."

"ఒకావిడ అంటే చట్టం కదులుతుందా డాక్టరమ్మ గారూ?"

"లక్ష మంది అంటే ఎవరి మొహం గుర్తొస్తుంది నీకు?"

అయ్యగారికి డాక్టరమ్మ గారు ముందే చెప్పారు, దొంగచాటు ఆవిడకి తెలీదు. ఆయన నొచ్చుకున్నారు. "ఇన్నేళ్లుగా మీ మాటకి సంఘంలో విలువుందమ్మా. ఇది మాట్లాడితే చాలామంది మీ ఇంట్లో శనివారం ప్రార్థనకి రారు," అన్నారు. ఒంటరి మనిషికి ఆ శనివారం ప్రార్థనలే చుట్టాలూ పక్కాలూ. "తెలుసయ్యగారూ," అన్నారావిడ.

ఆదివారం హాలంతా స్టూడెంట్లే. గోడలు కొంచెం బయటికి ఉబ్బాయని నా నమ్మకం. డాక్టరమ్మ గారు లేచారు. నాతో చెప్పినట్టే చెప్పారు, ఒక్క మాట ఎక్కువ లేదు. నేనూ అంతే చెప్పాను; ఆవిడకి నాకంటే మంచి ఇంగ్లీషు వచ్చు, ఒక చెవి నా మీదే ఉంచారు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. సాక్ష్యం చెప్పినవాళ్లు కూర్చోబోతుంటే అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అంటారు. ఏం చెప్పారన్నది కాదు, అది అయితే చివరి పాట, అది అయితే బిర్యానీ. ఆ రోజు ఆకలి మీదున్న కుర్రాళ్లు అన్న ఆమెన్‌కి నయాగరా ఒక్క క్షణం ఆగి ఉంటుంది.

ఎంపీ గారి మొహం విచ్చుకుంది. భోజనాల దగ్గర డాక్టరమ్మ గారి చెయ్యి పట్టుకుని, "మీ కమ్యూనిటీ మొత్తం దీని వెనకుందని నాకు తెలీదు. ఇక సందేహం లేదు," అన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఆవిడ పళ్లెం కింద పెట్టారు. "లేదండీ. ఆ ఆమెన్ బిర్యానీకి."

ఎంపీ గారు అర్థంకాక నావైపు చూశారు. నేను సమోసావైపు చూశాను.

"మా వాళ్లలో చాలామందికి ఈ బిల్లు ఇష్టం లేదు. అదిగో, అయ్యగారిని అడగండి. తలలు లెక్కపెట్టి ఓటేస్తే, రేపు ఇంకో చర్చిలో ఇంకో ఆమెన్ విని మారిపోతారు. నేను చెప్పింది మళ్లీ జరగాలా వద్దా, అది చూసి వేయండి."

"డాక్టరమ్మ గారూ, నోటిదాకా వచ్చింది..." అని తెలుగులో గొణిగాను.

"నువ్వూరుకో అబ్బాయ్."

అయ్యగారు దగ్గరికొచ్చి, తాను వ్యతిరేకమేనని ఎంపీ గారికి మర్యాదగా చెప్పారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి తెలుగులో, "ఆ పోయినావిడకి పిల్లలున్నారా అమ్మా?" అన్నారు.

"ఇద్దరు."

ఆయన వంగి, ఆవిడ కింద పెట్టిన పళ్లెం తీసి చేతికిచ్చారు.

శనివారం ప్రార్థనకి సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అయ్యగారు మాత్రం వచ్చారు. కొన్నాళ్లకి ఎంపీ గారు బిల్లుకి అనుకూలంగా ఓటేశారు. అది కమిటీ దాకా వెళ్లింది. ఈలోగా ఎన్నికలొచ్చి, సభ రద్దై, బిల్లు మురిగిపోయింది. అప్పటికి నేను మిల్టన్‌కి మారాను. ఫోన్ చేసి, భూమి బద్దలైనట్టు ఏడ్చాను. "పోతే మళ్లీ పెడతారు. ఈసారి మీ ఎంపీ ఎవరు? కనుక్కో," అని ఆవిడ పెట్టేశారు. తర్వాతి చలికాలంలో నిద్రలోనే పోయారు.

అలాంటి బిల్లు ఎవరు పెడతారన్నా నేను మా ఎంపీ ఆఫీసుకి వెళ్లి కూర్చుంటాను. పోయిన నెల అక్కడి అసిస్టెంటు పిల్ల అడిగింది, "మీకు తెలిసిన ఇలాంటి కేసులు ఎన్నండీ?" అని. పదివేలు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, నా వంక బతిమాలుతూ చూసింది.

"ఒకటి," అన్నాను.

"చెప్పండి," అని కుర్చీ ముందుకి జరుపుకుంది.

గుండె జబ్బు మనిషి, మూడో నెల, ఇద్దరు పిల్లలు, అని మొదలుపెట్టాను.