అమ్మ పెట్టిన కేక

నెల్లూరికి బదిలీ అయిందని తెలిసి నేను ఎగిరి గంతేశాను. హైదరాబాదులో పుట్టి పెరిగిన మా ఆవిడ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "ముందు ఊరు చూపించు. నచ్చితే వస్తా. లేదంటే నువ్వొక్కడివే వెళ్లి వండుకు తిను" అంది. నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. అందుకే చలికాలంలో రెండు రోజులు సెలవు పెట్టి ఆమెను తీసుకొచ్చాను.

మొదటి రోజు పొద్దున నెల్లూరులో కారం దోశ తిని, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకోటి చెప్పమంది. పని అయిపోయిందనుకున్నాను. తీరా తోటపల్లి గూడూరు మీదుగా సముద్రానికి పోతుంటే రొయ్యల గుంటల వాసనకు ముక్కు మూసుకుంది. సముద్రం దగ్గర అలొచ్చి ఆమె చెప్పు ఒకటి పట్టుకుపోయింది. ఇక నాకు దిక్కు పులికాట్ సరస్సే. "గులాబీ రంగు ఫ్లెమింగోలు, వేలకు వేలు!" అని ముందునుంచీ డప్పు కొట్టి ఉన్నాను.

మర్నాడు దారిలో చిట్టమూరు దగ్గర మా పల్లెలో ఆగి అమ్మను కూడా కారెక్కించుకున్నాం. అమ్మకు వరి పొలమే లోకం. "కొంగల్ని చూసేదానికి పెట్రోలు పోసుకోని పోవాల్నా? మన నారుమడి కాడికొస్తే కావాల్సినన్ని కనపడతాయి గదా!" అని దారంతా దెప్పింది.

సరస్సులో పక్షులైతే ఉన్నాయి. ఎక్కడో దూరంగా, తలలు నీళ్లలో ముంచి, ఆరేసిన పంచెల్లా తెల్లగా ఉన్నాయి.

"ఇదా గులాబీ రంగు?" అంది మా ఆవిడ.

ఇంతలో అమ్మ గట్టు చివరిదాకా నడిచింది. ఏటా పిట్టల్ని తోలి నారు కాపాడుకునే మనిషి, అన్నిటిని ఒక్కచోట చూసేసరికి ఆగలేకపోయింది. కొంగు నడుముకు దోపి, రెండు చేతులూ ఎత్తి "హోయ్! హో... హోయ్!" అని కేక పెట్టింది.

సరస్సుకు సరస్సే లేచింది. విప్పిన ప్రతి రెక్క లోపలా దాగిన రంగు ఒక్కసారిగా బయటపడింది. మా తలల మీద ఆకాశమంతా గులాబీ రంగే. మా ఆవిడ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, అట్టా అరిస్తే పిట్టలు బెదరవా?"

"అవి మా నారు తొక్కేటప్పుడు నువ్వు యాడుండావు నాయనా?" అని, వెంటనే నాలిక కరుచుకుంది అమ్మ. "అలవాటులో అరిచేసినాను, ఏమనుకోబాక."

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ ముందు సీటు వదిలేసి అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకటే నవ్వులు. దొరవారిసత్రం దాటాక ధైర్యం చేసి, "ఇంతకీ ఏమంటావ్?" అనడిగాను.

ఆమె అమ్మ వైపు తిరిగింది.

"అత్తమ్మా, నెల్లూరులో ఇల్లు చూసే రోజు మీరూ రండి" అంది. "ఓనరుతో మీరే మాట్లాడాలి."