పెద్దమ్మ కాలికి కట్టిన వెల్లుల్లి

శ్రావణ బహుళ చవితి, గురువారం. మబ్బు పట్టింది గాని చినుకు లేదు. కంట్రోలు దుకాణంలో కోటాకు దొరికిన నూలుకు పొద్దెక్కేలోగా గంజి పట్టించాను. మా పక్కింటి పెద్దమ్మ పోయి ఈరోజుకు మూడు రోజులు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఆమె చేతి వెల్లుల్లి సంగతి అందరికీ తెలుసు. తెలియనివారి కోసం రాస్తున్నాను. దగ్గుకు రెబ్బలు నిప్పుల మీద కాల్చి బెల్లంతో తినిపించేది. కీళ్ల నొప్పులకు నువ్వుల నూనెలో నల్లగా మాడేదాకా కాచి మర్దనకు ఇచ్చేది. పాలు పడతాయని బాలింతలకు మొదటి ముద్ద వెల్లుల్లి కారంతోనే పెట్టించేది. గుంట మగ్గంలో కూర్చొని కూర్చొని కడుపు ఉబ్బిన నాకు, వేడన్నంలో నెయ్యి, దంచిన వెల్లుల్లి కలిపి ఎన్నిసార్లు పెట్టిందో.

అయితే ఇచ్చే ముందు మనిషిని నిదానంగా చూసేది. "ఇది వాతానికి, కఫానికి. చీముకు కాదు" అని ఎందరినో ఆదోని ఆసుపత్రికి పంపింది. మందు తెలిసినవాళ్లను చాలామందిని చూశాను. దాని హద్దు కూడా తెలిసింది ఆమెకే.

పది రోజుల కిందట ఆమె అరికాల్లో తుమ్మముల్లు విరిగింది. కాలు వాచి చీము పట్టింది. కొడుకు పచ్చి వెల్లుల్లి నూరి కట్టు కట్టాడు. పచ్చిది కడితే తోలు పొక్కుతుందని ఊరందరినీ తిట్టిన మనిషి కాలికే కట్టాడు. గోడ ఇవతలికి అన్నీ వినపడ్డాయి.

"ఇప్పు నాయనా, మండుతాంది. ఆదోనికి బండి కట్టు."

"ఊరికి మందిచ్చే నువ్వే దొరల ఆసుపత్రికి పోతే రేపు మన గడప ఎవురు తొక్కుతారు మ్మా? నీ ఎల్లిగడ్డ నీకు పన్జెయ్యదా?"

ఆమె గొంతు పెంచలేదు. రెండు రోజులు ఆ బండి మాటే అడిగింది. ఆ రెండు రోజులూ నేను మగ్గం నేస్తూనే ఉన్నాను. వాళ్లింటి మాటల్లో తలదూర్చకూడదనుకున్నాను. ఆ మర్యాద తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. మూడో రోజు వెళ్లేసరికి ఆమెకు మాట పడిపోయింది. బండి ఎక్కించేలోగా ప్రాణం పోయింది.

ఈ పొద్దు వాళ్లింట్లో పలకరింపులకు కూర్చున్నాం. చివరిదాకా తల్లి మందే తల్లికి చేశామని, ఏ లోటూ చేయలేదని కొడుకు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. అందరూ తలలు ఊపుతున్నారు.

"ఆయమ్మ ఎల్లిగడ్డ అడగల్యా అప్పా," అన్నాను. "బండి అడిగింది."

లేచి వచ్చేశాను. వాకిట్లో బండి కాడి నేలకు ఆనించి ఉంది. దాని మీద పెద్దమ్మ కోక ఉతికి ఆరేశారు. పక్కన ఎద్దులు రెండూ పడుకొని నెమరు వేస్తున్నాయి.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాను. మేకకు ఇంకా మేత వెయ్యలేదు.