మడుగు గట్టున ఏడు రాళ్లు

ఏండ్ల తరబడి ఈ మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేక, కక్కలేక. ఇప్పుడు మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

మాది కర్నూలు వైపు ఒక చిన్న ఏటి ఒడ్డు. ఏటి పేరు చెప్పను, చెబితే ట్రాక్టర్లు మళ్లీ వస్తాయి. మా నాయనమ్మ కాలంలో శివరాత్రి దాకా పారేదట. నాకు తెలిసేనాటికి వానలప్పుడు కొన్నాళ్లు ఎర్రగా పారి ఇసుకలోకి దిగిపోయేది. ఆ ఇసుకే నీళ్లు దాచేది కాబట్టి మలుపులోని మడుగు ఎండలకు కూడా ఎండేది కాదు. నడుముకు బెండ్లు కట్టుకుని నేను అక్కడే ఈత నేర్చుకున్నాను.

ఇసుక కోసం ట్రాక్టర్లు దిగాయి. ఇసుక పోతే మడుగు పోతుంది, మన బావులూ పోతాయి అని పెద్దమనుషుల ఇండ్ల చుట్టూ తిరిగి మొత్తుకున్నాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. మనిషి మాట వినని వాళ్లు దేనికి భయపడతారు? తెల్లవారకముందే వెళ్లి ఏడు రాళ్లు కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, గట్టున వరసగా నిలబెట్టాను. నీళ్లను కాచే ఏడుగురు అక్కదేవతలు వెలిశారని మధ్యాహ్నానికల్లా ఊరంతా టెంకాయలతో వచ్చింది. ట్రాక్టర్లు వెనక్కి తిరిగాయి. అందరితో పాటు నేనూ దండం పెట్టాను. లోపల నవ్వుకున్నాను కూడా.

తర్వాత పెద్దలు తీర్మానం చేశారు: అమ్మవార్ల నీళ్లలో మైల గుడ్డలు ఉతకకూడదు. పిల్లల ఈతకు లేని మైల సుంకమ్మ బట్టల మూటకే వచ్చింది. ఊరి బట్టలు ఉతికే సుంకమ్మకు ఆ మడుగే బతుకు. ఆమె మా వాకిట్లో కూర్చుని అడిగింది.

"ఇన్నేండ్లు ఆడనే ఉతికితి గదమ్మా. అమ్మోర్లకు ఇప్పుడెందుకు కోపమొచ్చె? నేనేం తప్పు చేసినా?"

"నాకేం తెల్సు సుంకమ్మా" అన్నాను.

నిజం చెబితే ట్రాక్టర్లు ఆ సాయంత్రమే వస్తాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. కానీ నిజం చెప్పాల్సిన పని కూడా లేదే? అమ్మవార్లు కలలో కనిపించి సుంకమ్మను ఉతకనివ్వమన్నారని ఇంకో అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. మడుగు కోసం ఆడినదాన్ని ఆమె కోసం ఎందుకు ఆడలేకపోయాను? మళ్లీ నోరు తెరిస్తే నామీద అనుమానం వస్తుందని భయపడ్డాను. అంతే.

సుంకమ్మ ఊరు వదిలింది. బెంగళూరులో ఇండ్లు కట్టే చోట ఇసుక మోస్తోందట.

రాళ్లు పెట్టినందుకు నాకు సిగ్గు లేదు. మడుగు ఈనాటికీ నిండుగా ఉంది, కొంగలు వాలుతున్నాయి, పిల్లలు దూకుతున్నారు. అవసరమైతే రేపు మళ్లీ పెడతాను. కానీ ఆమెకు చెప్పాల్సిన జవాబు ఒకటి మిగిలిపోయింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక మీ ముందు చెబుతున్నాను, చెబుతుంటేనే కాస్త ఊపిరాడుతోంది.

సుంకమ్మా, నువ్వు ఏ తప్పూ చేయలేదు. నీ పొట్ట కొట్టింది అమ్మవార్లు కాదు, నేను.