పిల్లి సార్ బైనాక్యులర్

దయ్యాలు, జిన్నులు, గాలి సోకడం, ఇవేవీ నేను నమ్మను. చిన్నప్పుడు మా అమ్మీ జిన్నుల కథ మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకు యాభై రెండేళ్ళు. రెజిమెంటల్ బజార్‌లో మా అబ్బా పెట్టిన చిన్న రిపేర్ షాపు నడుపుతున్నాను. పాత కెమెరాలు, బైనాక్యులర్లు, మైక్రోస్కోపులు బాగుచేస్తాను. ఏ వస్తువు మొరాయించినా దానికొక కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే చూసేవాడు సరిగ్గా చూడలేదని అర్థం. ముప్పై ఏళ్ళుగా నా నమ్మకం అదొక్కటే.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు ఒకాయన్ని చూసి ఇలాగే నవ్వాను.

ఆయన సుదర్శనం సార్. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇల్లు నేరేడ్‌మెట్‌లో. రోజూ తెల్లారకముందే మెడలో బైనాక్యులర్ వేసుకుని ఊరి బయట గుట్టకు వెళ్ళేవారు. అది ఏ గుట్టో చెప్పను, కారణం మీకే తెలుస్తుంది.

ఒకరోజు ఆ గుట్టమీద అడవిపిల్లిని చూశానన్నారు. ఇంటిపిల్లిలో సగం ఉంటుందట. ఒంటినిండా తుప్పు రంగు మచ్చలు, తోకకు మాత్రం పట్టెలుండవు. ప్రపంచంలోనే అంత చిన్న అడవిపిల్లి ఇంకోటి లేదని, చూసినవాళ్ళు చాలా తక్కువని చెప్పారు.

"సార్, ఎవరింటి పిల్లో తప్పిపోయి పోయుంటది" అన్నాను నేను. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నేనొక్కణ్ణే కాదు. ఆయనతో వాకింగ్ చేసేవాళ్ళు, టీకొట్టు దగ్గర కూర్చునే పెద్దమనుషులు, అందరికీ ఆయన ఆటపట్టించడానికి దొరికారు. ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరైతే 'పిల్లి సార్' అని పేరే పెట్టేశాడు. ఆయన్ని చూడగానే మ్యావ్ అనేవాళ్ళు కూడా ఉన్నారు. సార్ దగ్గర ఫోటో లేదు, ఆయన ఫోను మీటల ఫోను. రెండేళ్ళు ఆ మాట పడుతూనే గుట్టకు వెళ్ళారు.

ఆ మధ్య ఆయన బైనాక్యులర్ కిందపడి, లోపలి అద్దం కదిలిపోయింది. బాగుచేయమని నాకిచ్చారు.

"మిరుగం లోపల, వానలు వడకముందే ఇయ్యి ఖాదర్ భాయ్. అది పిల్లల్ని పెట్టింది. ఇయ్యాల్నో రేపో బయటికి తెస్తది."

అప్పుడు రంజాన్ నెల. పండగ తర్వాత చూస్తానన్నాను. పండగ అయింది. ఒక స్క్రూ దొరకలేదని ఇంకో వారం తిప్పాను. నిజానికి నేను వెతకనే లేదు. ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు, రెండుసార్లూ రేపన్నాను. మూడోసారి ఫోన్ రాలేదు. గుండె ఆగి పోయారని పేపర్ వేసే అతను చెప్పాడు.

మర్నాడు కూర్చుని పని ముగించాను. పట్టుమని రెండు గంటలు కూడా పట్టని పని. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బైనాక్యులర్‌కు కుడి కన్ను పెట్టే చోట ఒక చిన్న రింగు ఉంటుంది. మనిషికి రెండు కళ్ళ చూపూ ఒకలా ఉండదు కదా, ఆ తేడాను అది సరిచేస్తుంది. ఎవరి రింగు వాళ్ళదే. అందుకే విప్పేముందు రింగు ఎక్కడుందో చూసి అక్కడ సన్నని తెల్ల పెయింటు గీత పెట్టడం మా అబ్బా నేర్పిన పద్ధతి. సార్‌కు కుడి కంటి చూపు బాగా మందం. ఆయన గీత దాదాపు చివర్న ఉంది. నా కళ్ళు రెండూ సమానం, నాకు రింగు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆయన గీత దగ్గర పెట్టి చూస్తే నా కుడి కంటికి అంతా పొగమంచే. ఆ రింగు వదులుగా తిరుగుతోందని కొత్త గ్రీజు వేసి గట్టిగా బిగించాను. రెండు వేళ్ళతో నొక్కి తిప్పితే తప్ప కదలదు.

బైనాక్యులర్ తీసుకుని నేరేడ్‌మెట్ వెళ్ళాను. సార్ భార్య సుగుణమ్మగారు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"గిది నేనేం జేసుకుంట భాయ్? మీరే ఒక్కసారి ఆ గుట్టకు పోయి సూడుండ్రి. ఆయన జెప్పినప్పుడు నేను సుత నమ్మలే. పొద్దున పిల్లి పిల్లి అని పోతుంటే తలుపు గట్టిగ ఏసుకునేదాన్ని. అది ఉంటే ఉందని జెప్పుండ్రి. లేకుంటే లేదని జెప్పుండ్రి. నాకు తెల్వాలె."

సార్ ఎక్కడ కూర్చునేవారో, కింద వేసుకునే గోనెసంచి ఏ రాయి కింద దాచేవారో ఆమే చెప్పారు.

శుక్రవారం మా షాపు బంద్. ఫజర్ నమాజ్ చదువుకుని ఫ్లాస్కులో చాయ్ పోసుకుని బండి మీద బయల్దేరాను. ముందురోజు సాయంత్రమే షాపులో రింగును నా కళ్ళకు తగినట్టు మధ్యలో పెట్టుకున్నాను. ఇది నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఎదురుగా ఉన్న బ్యాంకు బోర్డు మీది అక్షరాలు చదివి సరిచూసుకున్నాను.

గుట్టమీద రాయి కింద గోనెసంచి మడత పెట్టినట్టే ఉంది. దాని మీద కూర్చున్నాను. ఎదురుగా ఒకదానికొకటి ఆనుకున్న రెండు పెద్ద బండలు, మధ్యలో నెర్రె, పక్కన సీతాఫలం పొద. అప్పుడే బాగా వెలుగొచ్చింది. బైనాక్యులర్ ఎత్తాను. కుడి కంటికి మసక. చూస్తే రింగు తెల్ల గీత దగ్గర ఉంది.

మర్చిపోయి ఉంటానులే అనుకున్నాను. రెండు వేళ్ళతో నొక్కి మధ్యలోకి తిప్పాను. సీతాఫలం ఆకులు స్పష్టంగా కనిపించాయి. గంటసేపు చూశాను. ఒక ఉడుత, నాలుగు పికిలిపిట్టలు, అంతే.

కళ్ళు లాగుతుంటే బైనాక్యులర్‌ను పక్కన బండమీద పెట్టి చాయ్ తాగాను. అది నా మోకాలికి జానెడు దూరంలోనే ఉంది. మనిషి కాదుగదా, మేక కూడా రాలేదు. మళ్ళీ ఎత్తితే మళ్ళీ మసక. రింగు మళ్ళీ గీత దగ్గరే.

ఈసారి మర్చిపోయానని అనుకోవడానికి లేదు. కానీ నేను మెకానిక్‌ని. గ్రీజు ఎండకు మెత్తబడి జారిందనుకున్నాను, అప్పటికింకా ఆ బండమీదికి ఎండే రాలేదు. మధ్యలోకి తిప్పి, వేలుతో అటూ ఇటూ నెట్టి చూశాను. కదల్లేదు. ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి నెర్రె దగ్గర ఏదో మెదిలినట్టయింది. చప్పున కళ్ళకు పెట్టుకున్నాను.

పిల్లి. బండ అంచున కూర్చుని ఉంది. నా రెండు చేతుల్లో పట్టేంత ఉంది. బూడిద రంగు ఒంటి మీద తుప్పు మచ్చలు వరుసగా, ఎవరో వేలు ముంచి పెట్టినట్టు. నెత్తిమీద నాలుగు నల్ల చారలు. చిన్న గుండ్రటి చెవులు. తోకకు ఒక్క పట్టె లేదు. దాని వెనక నుంచి రెండు పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. ఒకటి తల్లి తోకను కొరికింది. తల్లి దాన్ని కాలితో ఒక్కటి ఇచ్చింది.

నా బతుకులో ఏ కొత్త లెన్సులోనూ అంత స్పష్టంగా చూడలేదు. నమ్మలేక ఎడమ కన్ను మూసి, కుడి కంటితో మాత్రమే చూశాను. మీసాలు లెక్కపెట్టొచ్చు. ఫోన్ తీసి కుడి అద్దానికి ఆనించాను. పదకొండు ఫోటోలు తీశాను, ఒక వీడియో తీశాను. నాలుగైదు నిమిషాల తర్వాత తల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కదాన్నే లోపలికి తీసుకుపోయింది.

నాకు లేచి గంతులేయాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. సార్ చెప్పింది చెప్పినట్టు ఉంది, ఒక్క మచ్చ తేడా లేదు.

అప్పుడు కిందికి చూశాను. రింగు తెల్ల గీత దగ్గర ఉంది.

వెంటనే బైనాక్యులర్ ఎత్తి అదే బండను చూశాను. రింగును ముట్టుకోలేదు. కుడి కంటికి అంతా మసక. ఆకేదో రాయేదో తెలియలేదు.

నేరుగా సుగుణమ్మగారి ఇంటికి వెళ్ళి ఫోన్ చేతికిచ్చాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"తోకకు పట్టెలుండవని ఎన్నిసార్లు జెప్పిండో" అన్నారు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చారు. "నన్ను బండి మీద టీకొట్టు కాడికి తీస్కపోతరా?"

బైనాక్యులర్ తన మెడలో వేసుకుని నా వెనక కూర్చున్నారు. టీకొట్టు దగ్గర ఆ పెద్దమనుషులంతా ఉన్నారు. ఆమె ఫోన్ ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి, వాళ్ళు చూసేదాకా నిలబడి, తీసుకుని పక్కవాళ్ళకిచ్చారు. చివరికి అది బ్యాంకు మేనేజర్ దగ్గరికి వచ్చింది. ఆయన ఫోటో చూశాడు, వీడియో రెండుసార్లు చూశాడు. తర్వాత లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

"మేం తప్పు జేసినం అక్కా" అన్నాడు.

ఆమె కూర్చుని చాయ్ తాగారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం నా నిఖాకు కూడా కలగలేదు.

ఫోటోలు అడవి జంతువుల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్‌కు పంపాం. ఆయన స్వయంగా గుట్టకు వచ్చి చూసి, సార్ చెప్పింది అక్షరాలా నిజమన్నారు. ఆయన రిపోర్టులో మొదట చూసినవారి పేరు రాసే చోట సుదర్శనం సార్ పేరే రాయించాను.

ఇక రింగు సంగతి. ఫోన్ తనంతట తానే ఫోకస్ చేసుకుంటుంది కాబట్టి ఫోటో సాక్ష్యం కాదు. నా కన్నే సాక్ష్యం. కళ్ళ డాక్టర్‌కు చూపించుకున్నాను, రెండూ సమానంగానే ఉన్నాయన్నాడు. బైనాక్యులర్ మొత్తం విప్పి చూశాను. గ్రీజు గట్టిగానే ఉంది, రింగు బిగుతుగానే ఉంది. కంగారులో నీ వేలే తగిలుంటుందని మా తమ్ముడంటాడు. వేలు తగిలి రింగు తిరిగిందే అనుకుందాం, మరి ఆ గీత దగ్గర నాకెలా కనిపించింది? నేనే సరిగ్గా చూడలేదని అనుకోవాలి. ఎంత చూసినా కారణం దొరకలేదు.

బైనాక్యులర్‌ను సుగుణమ్మగారు నాకే ఇచ్చేశారు. అప్పుడప్పుడు శుక్రవారాలు వెళ్తుంటాను. రింగు పెట్టిన చోటే ఉంటోంది, ఆ తర్వాత ఒక్కసారి కూడా కదల్లేదు. చూడటం అయ్యాక నేనే దాన్ని తెల్ల గీత దగ్గరకు తిప్పి కవర్లో పెడతాను. ఎందుకంటే చెప్పలేను.

మొన్న నేను సుగుణమ్మగారి ఇంట్లో ఉండగా ప్రొఫెసర్ దగ్గర చదివే అమ్మాయి ఫోన్ చేసి ఇంటికి దారి అడిగింది. ఒకప్పుడు పిల్లి మాట వింటే తలుపు వేసుకున్న సుగుణమ్మగారు వీధికంతా వినపడేలా చెప్పారు.

"నేరేడ్‌మెట్‌ల దిగి, పిల్లి సార్ ఇల్లు ఏదని అడుగు బిడ్డా. ఎవలైన జెప్తరు."