ఫ్రాన్సు రైల్లో నేను పట్టిన సీట్లు

ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీని మూడేళ్లు వదలకుండా అంటిపెట్టుకున్నవాణ్ణి. సీటు పట్టడంలో పుదుచ్చేరి మొత్తమ్మీద నాకున్నంత అనుభవం ఎవరికీ ఉండదు. మొన్న బస్టాండులో కాలాపేట బస్సెక్కుతుంటే ఎండకు కాగిన రెక్సిన్ వాసన, దాంతోపాటే ఎవరి సంచిలోంచో పులిహోర వాసన ముక్కుకు తగిలాయి. అంతే, నలభై దాటిన నాకు తొమ్మిదేళ్ల వయసునాటి భయం తిరిగొచ్చింది.

మా చిన్నప్పుడు మా ఊరు ఏంబలం నుంచి టౌనుకు బస్సెక్కడం ఓ కుటుంబ విద్య. మాసిమగం నాడు సముద్రస్నానానికి ఊరంతా కదిలితే, బస్సు పూర్తిగా ఆగకముందే నాయన నన్ను నడుం పట్టి ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేవాడు. నేను పిల్లిలా దూకి, ఒక సీటు మీద తుండు పరిచి, ఇంకోదాని మీద చెప్పులు పెట్టి, ఎవరెంత తిట్టినా కదలకుండా, చెమటా మల్లెపూలూ మగ్గిన అరటిపండ్లూ కలిసిన ఆ వేడిగాలిలో అమ్మానాయనా తాపీగా ఎక్కి వచ్చేదాకా కాపలా కాసేవాణ్ణి. "సీటు ఇడిచినావంటే ఈపు పగులుతాది" అనేది నాయన ఇచ్చిన శిక్షణ మొత్తం.

మా పెదనాయన ఫ్రెంచి సైన్యంలో చేసి, ఆ దేశంలోనే దక్షిణాన ఒక ఊళ్లో స్థిరపడ్డాడు. ఒక వేసవిలో మమ్మల్ని పిలిపించాడు. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలు చిన్నికి నాలుగు. పారిస్‌లో రైలెక్కి మధ్యలో ఒక స్టేషన్లో ఇంకో రైలు మారాలి. ఆ మారే స్టేషన్లో దిగి, తాడు కట్టిన పెట్టెలు రెండు, మురుకుల సంచి, పులిహోర డబ్బా, పెదనాయన కోసం తెచ్చిన ఊరగాయ జాడీ ప్లాట్‌ఫారం మీద పెట్టుకుని నిలబడ్డాం. చుట్టూ కాఫీ వాసన, అప్పుడే కాల్చిన రొట్టె వాసన. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. ఆ నిదానం చూసే నాయనకు గాబరా ఎక్కువైంది. రైలు ఆగగానే, "నువ్వు ముందెక్కి సీట్లు పట్టురా! చిన్నిని తీసకపో!" అని మా ఇద్దర్నీ లోపలికి తోసి, పెట్టెల కోసం వెనక్కి తిరిగాడు.

తలుపు పక్కనే ఎదురెదురుగా నాలుగు సీట్లు దొరికాయి. తుండు పరిచాను, చెప్పులు పెట్టాను. ఇంతలో ఏదో గంట మోగింది. బయట అమ్మ "దిగండిరా! దిగు!" అని కేక పెట్టింది. చిన్ని తలుపు వైపు గింజుకుంది. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దిగితే సీట్లు పోవూ! మా ఊరి బస్సు తలుపును మూయగా నేనెప్పుడూ చూడలేదు; ఈ తలుపు ఎవరూ ముట్టుకోకుండానే బుస్సుమని తనంతట తానే మూసుకుంది. అద్దం మీద అమ్మ అరచెయ్యి ఒక్క క్షణం కనిపించింది. జాడీ చంకన పెట్టుకుని నాయన నాలుగడుగులు పరుగెత్తాడు. తర్వాత ఇద్దరూ లేరు.

టికెట్లు, పాస్‌పోర్టులు, పెదనాయన చిరునామా, అన్నీ నాయన జేబులోనే. మేం దిగాల్సిన ఊరి పేరు కూడా నాకు తెలియదు.

"అమ్మ యాడ?" అంది చిన్ని.

"ఎనక బోగీలో ఉండాది. వస్తాది."

ఒక ముసలమ్మ కూర్చోబోతే తుండు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆ సీట్లు ఖాళీగా ఉన్నంతసేపూ అమ్మానాయనా వస్తారని నా నమ్మకం. కిటికీ బయట పొద్దుతిరుగుడు చేలు పరుగెడుతున్నాయి. ఇక్కడే గొడ్లు కాసి చెల్లెల్ని పెంచాలేమో, అది తెలుగు మరిచిపోతే అమ్మకు ఏమని చెప్పాలో అని ఆలోచిస్తుండగా టికెట్లాయన వచ్చాడు. ఏదో అడిగాడు. నాకొచ్చిన ఫ్రెంచి బళ్లో నేర్పిన ఒకటి నుంచి పది దాకా అంకెలే. అవే అప్పజెప్పాను. ఆయన నవ్వబోయి, ఖాళీ సీట్ల మీది తుండునూ చెప్పుల్నీ చూసి ఆగిపోయాడు.

తర్వాతి స్టేషన్లో మమ్మల్ని దించి, అక్కడ పనిచేసే ఒకామెకు అప్పగించాడు. ఆమె వెనక స్టేషనుకు ఫోను చేసి, మాకు వేడిపాలు ఇచ్చింది, చిన్ని ముట్టలేదు. మొదటి రైలు వచ్చింది, అమ్మ దిగలేదు. రెండో రైలు వచ్చింది, దిగలేదు. మూడోదాంట్లోంచి దిగింది, వెనకే జాడీతో నాయన. చిన్నిని తల నుంచి కాళ్ల దాకా తడిమి, నా చెంప ఛెళ్లుమనిపించింది.

"దిగమంటే ఏంది నీకు రోగం?"

"సీట్లు పోతాయని..."

నాయన నా వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత ఏ బస్సుకూ నన్ను ఎత్తి లోపలికి తోయలేదు.

ఇప్పుడు నాయన లేడు. సీట్లు ఇంట్లో కూర్చుంటే ఫోనులోకే వస్తున్నాయి, పిల్లల్ని కిటికీలోంచి తోసే నాయనలూ లేరు. పోయిన ఆదివారం చిన్ని ఇంట్లో దాని పిల్లలకు ఈ కథంతా చెప్పి, "ఆ పొద్దు మీ యమ్మ చెయ్యి ఇడవకుండా పట్టుకున్నా గాబట్టే ఈ పొద్దు మీరుండారు" అని మీసం దువ్వాను.

చిన్ని వంటింట్లోంచే అంది: "నువ్వు ఇడిచుంటే నేను అప్పుడే అమ్మ కాడికి దిగిపోయుందును గదా, అన్నా!"